హైదరాబాదు కట్ట

ఆయన పోయిన సంగతి నా బిడ్డకు ఇంక తెల్వది. ఈ గోడ అవతల, చల్లటి గదిల, మిషన్ ముంగట నిలబడి ఉన్నది అనసూయ. ఇవతల మెట్ల మీద నేను కూసున్న. మా నడుమ ఒక తలుపు, తలుపుకు ఒక చిన్న అద్దం, ఆ అద్దంలకెల్లి చూస్తె తెల్లటి గోడ తప్ప ఏం కనబడది. లేచి రెండు దెబ్బలు కొడితె తీస్తరు. బిడ్డా మీ బాపు లేడు అని చెప్పుడెంతసేపు. మాట నోట్లెనే ఉన్నది, గులకరాయోలె, మింగరాదు, ఊంచరాదు. కాని ఈ మధ్యాన్నం ఈ గంట దానిది. కాలేజీ మొత్తానికి ఒక్కటే కంప్యూటరు, పిల్లలందరు పేర్లు రాయించుకొని వంతు కోసం కాసుకొని ఉంటరట, ఈ వంతు తప్పితె మల్ల దొరకది. రేపు పరీక్ష సార్లు వస్తరు. వాళ్ళ ముంగట మిషన్ కొట్టిచ్చిన కాయితం పెట్టకపోతె దాని ఏడాది పోతది, చదువే పోతది, ఇంట్ల ఇగ మగ్గం నడిపేటోడు లేడు, ఇంకో ఏడాది చదివిచ్చేదెవరు. అందుకే కూసున్న. పెనిమిటిని దవాఖాన మంచం మీద ఇడిసి వచ్చి, బిడ్డ గది ముంగట, బస్సు కోసం చూసేదానోలె కూసున్న.

నాకు భయం ఎక్కువ, చిన్నప్పటి నుంచి అంతే. వర్ధన్నపేటల మా అవ్వగారింట్ల ఉన్నప్పుడు ఐదో తరగతి దాకా చదివిన, ఆరుకు పోవాలంటె వాగు దాటాలె, కొట్టుకపోత అని నేనే మానేసిన, ఎవరూ మాన్పియ్యలే. పెండ్లయి కాశిబుగ్గకొచ్చినంక ఆయన నన్ను చూసి నవ్వుతుండె. పాలు పొంగితె ఇల్లు అంటుకున్నదంటవు గదనే అంటుండె. అంటుండె అని ఇప్పుడే అనుకున్న, పొద్దుగాల దాకా అంటడు అనేదాన్ని. నా భయానికి ఒక పద్ధతి ఉన్నది, అది ఆయనకు గూడ చెప్పలే. ఏదన్న ముందుగాలనే పూరాగ తలుచుకొని భయపడితె అది ఇగ జరగది. అనసూయ చిన్నప్పుడు బడికి పోవాలంటె రైలు పట్టాలు దాటాలె. రోజు దర్వాజల నిలబడి రైలు వచ్చుడు, పిల్ల రిబ్బను పట్టాల మీద పడి ఉండుడు, మంది ఉరుకుడు, అన్ని కండ్లల్ల చూసుకొని, ఏడ్చుకొని, అప్పుడు పనిల పడుతుంటి. సాయంత్రం పిల్ల పలక ఊపుకుంట ఇంటికొస్తుండె. జరం వస్తె ఇగ పోయిందనుకుంటి, జరం దిగింది. పెద్ద కాలేజీకి పోతనంటె మొగపిల్లల నడుమ ఏమైతదో అనుకున్న, మిషన్ గదికి పోతనంటె కరెంటు కొడ్తదనుకున్న, ఆ చల్లగాలికి రొమ్ము పట్టుకుంటదనుకున్న. ఒక్కటి కాలే. భయపడుడు నా పని, ఆయన మగ్గం నేసినట్టు నేను భయపడాలె, అట్ల ఇల్లు నిలబడ్తది. ఈ పొద్దు ఒక్క పొద్దు ఆ పని చెయ్యలే. డాక్టరమ్మ వచ్చి రొమ్ము మీద గొట్టం పెట్టి చూసి, దగ్గు, దమ్ము తగ్గినయి సారంగపాణీ, సాయంత్రం ఇంటికి పో అన్నది. ఆయన నవ్విండు. నేను నవ్విన. చింతచిగురు దొరుకుతదో దొరకదో, ఏం వండాల్నో అనుకుంట చాయ్ తెచ్చేటందుకు కిందికి పోయిన. చాయ్ డబ్బా కాడ ఎవరో ఆమె నిలబడి ఉంటె ముచ్చట గూడ పెట్టిన, మా ఆయనను పంపిస్తాండ్రు అని చెప్పిన. పైకి వచ్చేవరకు నర్సు మంచం చుట్టు తెర గుంజుతాంది.

గిలాసల చాయ్ వేడిగనే ఉన్నది. అది ఏడ పెట్టాల్నో తెల్వలే, చాన సేపు పట్టుకొనే నిలబడ్డ. ఆయన తమ్ముడు మొగిలయ్య వచ్చిండు, ఆయన అక్క సోమక్క కొంగు నోట్ల కుక్కుకొని వచ్చింది. కాయితాల మీద వేలిముద్రలు, సంతకాలు, ఎవరో తెల్లబట్ట తెచ్చిండ్రు. "నేను పోయి పిల్లను తోల్కొస్త వదినా, నువ్వు అన్న కాడ ఉండు" అన్నడు మొగిలయ్య. నువ్వు పోతె ఆ దర్వాజ కాడనే ఒర్రుతవు, నేనే పోత అన్న. సోమక్క ఏడుపు ఆపి నా దిక్కు చూసింది. "మొగని పీనుగ కాడ కూసోకుంట ఏడికి పోతవే? మంది నీ మొఖాన ఊంచరా?" ఊంచనియ్యి అనలే. ఆమె తమ్ముడు పోయిండు, ఆమె ఎంతన్న అనొచ్చు. మీరు ఇంటికి తీస్కపోండ్రి, నేను బిడ్డతోని వస్త అని మెట్లు దిగిన. దిగుతాంటె కాళ్ళు వాటంతటవే దిగుతానయి, నేను ఎనక వస్తాన్న.

బస్సుల కిటికీ పక్కన సీటు దొరికింది. అది దొరికిందని ఒక గడియ సంబరపడ్డ, చూడు, మనిషి పానం ఎంత సిగ్గులేనిదో. పక్కన కూరగాయల గంపామె నుదుటి బొట్టు చూసి, గాజులు చూసి, నవ్వుకుంట పలకరిచ్చింది, "ఏడికక్కా?" అని. కాలేజీకి అన్న. "కాలేజీల ఏం పని?" మా బిడ్డ చదువుతది, ఇంజనీరు చదువు అన్న. "అబ్బో" అన్నది ఆమె, గంప జరిపి నాకు ఇంక జరంత జాగ ఇచ్చింది. ఆ మాట అనేటప్పుడు నా గొంతు ఎప్పటోలెనే పొంగింది. ఆయన గూడ అట్లనే అంటుండె, చాయ్ డబ్బా కాడ, నూలు దుకాణం కాడ, అడగకున్నా అంటుండె. మా అనసూయ కంప్యూటర్ నడుపుతది అని. కంప్యూటరంటె ఏంది సారంగపాణీ అని ఎవరన్న అడిగితె, "మగ్గం మీద పువ్వులు తీసే జకార్డే, గాని బట్ట నేయది, లెక్క నేస్తది" అంటుండె. వాళ్ళకు సమజ్ కాకపోయేది, ఈయన ఇంక సంబరపడేటోడు.

"ఎవరు కావాలమ్మా?" అని అడిగిండు ఇక్కడి వాచ్‌మెన్, నేను వచ్చినప్పుడు. స్టూలు మీద కూసోని బీడీ చెవి మీద పెట్టుకొని ఉన్నడు. మా బిడ్డ, అనసూయ అన్న. "అరె, అట్టల డబ్బా అనసూయమ్మ తల్లివా నువ్వు! రోజు పొద్దుగాల నాకంటె ముందొస్తది. పాషా భాయ్ తాళం తియ్యి, పాషా భాయ్ తాళం తియ్యి అని పానం తీస్తది. ఇమాం పాషా అని మా నాయన పెట్టిండు పేరు, ఇక్కడి పిల్లలకు తాళంచెవి పాషాను నేను." నవ్విండు. నవ్వి, నా మొఖం చూసి, "పిలవాల్నా? అర్జెంటా?" అన్నడు. అర్జెంటేం లేదన్న. అట్ల అన్ననంటె నాకే నమ్మబుద్ధి కాలే. పొద్దుగూకకముందే మట్టి చెయ్యాలె, మంది వచ్చి కూసుంటరు, ఈ అమ్మ ఏడ పోయింది పిల్ల ఏడ పోయింది అని గుసగుసలు పెడ్తరు. అయినా అర్జెంటేం లేదు. ఆయనకు ఇగ ఏం తొందర. "కూసో మరి," అన్నడు పాషా, "ఆ మిషన్‌కు జర వేడి తగిల్తె అలుగుతదట, దానికి ఏసీ పెట్టిండ్రు. నాకు వేడి తగిల్తె నేను గూడ అలుగుత, గాని నన్ను అడిగెటోడెవడు లేడు." మంచినీళ్ళు తెచ్చిచ్చిండు. తాగిన. తాగుతాంటె గొంతుల పెద్ద చప్పుడైంది.

గోడ లోపల ఏదో గుయ్యిమంటాంది, ఆగకుంట, తుమ్మెద చిక్కుకున్నట్టు. గా చప్పుడు నడుమ నా పిల్ల. దాని చేతుల రెండు కట్టలు, ఒకటి దానిది, ఒకటి హైదరాబాదు కట్ట. ఈ కట్టల ముచ్చట నాకు తెలుసు. అది చెప్పంగ ఇన్న, మగ్గం కాడ కూసోని వాళ్ళ బాపుకు చెప్పుతాంటె నూలు కండెలు చుట్టుకుంట ఇన్న. వంతెన మీది నుంచి లారీ పోతె ఏ దూలం ఎంత వంగుతదో అది లెక్క కట్టాలె. ఆ లెక్కను అట్టల మీద చిల్లులు కొట్టి మిషన్‌కు ఇయ్యాలె. సన్నటి అట్టలు, పెండ్లి కార్డు కంటె పల్చగ ఉంటయి. ఒక్కొక్క అట్ట మీద ఒక్కొక్క మాట. దాని మాటలు అది రాసుకున్నది, గాని నడుమ ఒక పెద్ద గుణకారం ఉన్నదట, దాన్ని ఒక్కతి రాసుకోవాలంటె సగం ఏడాది పడ్తది, హైదరాబాదుల ఎవరో మహానుభావులు ముందుగాలనే రాసి పెట్టిండ్రు, మా సారు చెప్పి తెప్పిచ్చిండు అన్నది. దాన్ని తెచ్చి మన కట్ట ఎనక పెట్టుకోవాలె. మన కట్టల ఒక అట్ట మీద దాని పేరు రాస్తె, మిషన్ ఆ పేరు చదివి, ఎనకకు పోయి దాన్ని లేపి, పని చేయించుకొని, మల్ల మన దగ్గరికి వస్తది. పేరు ఒక్క అక్షరం తప్పినా, ఎనక కట్ట లేకపోయినా, ఇదెవరో నాకు తెల్వదని మొత్తం బయట పారేస్తది. ఆయన మగ్గం తొక్కుడు ఆపి అడిగిండు, ఎవరో రాసిన లెక్క నీదెట్లయితది బిడ్డా అని. "నెమలి డిజైను నువ్వే చేసినవా బాపూ? కొత్తవాడ నుంచి అట్టలు తెచ్చుకొని మగ్గానికి ఎక్కిస్తివి గద. చీర ఎవరిది మరి?" అన్నది. "చీర నాదే" అన్నడు ఆయన. "అట్లనే" అన్నది. ఇద్దరు నవ్విండ్రు. నేను కండె పట్టుకొని అనుకున్న, ఆడిది గూడ గంతే గద, బయట నుంచి తెచ్చి ఎనక పెట్టుకున్న కట్ట. పేరు పెట్టి పిలిస్తె లేవాలె, పని చెయ్యాలె, మల్ల తన మూలకు పోవాలె. వర్ధన్నపేట నుంచి వచ్చిన నాడు ఈ ఇంట్ల నా పేరు ఎవరికీ నోరు తిరగలే. సమ్మమ్మ అని మొదలు పిలిచినోడు ఆయననే. ఇగ ఎవరు పిలుస్తరు. అమ్మా అంటది, వదినా అంటరు, పేరు ఎవరంటరు.

వద్దు, ఇప్పుడు ఏడవొద్దు, కండ్లెర్రగుంటె అది తలుపు తీయంగనే గుర్తుపడ్తది.

ఆ కట్ట ఇంటికి తేకున్నా బాగుండు. ఇక్కడ చిల్లులు కొట్టే మిషన్లు సాయంత్రం బంద్ అయితయి, ఇంట్ల కాయితంతోని సరిచూసుకుంట అని చెప్పుల డబ్బాల పెట్టుకొని తెచ్చింది. గడప కాడ కాలు తట్టుకున్నది. డబ్బా ఎగిరి అట్టలన్నీ మగ్గం గుంతల పడ్డయి, తొక్కుడు పలకల సందుల్ల, దుమ్ముల, దూదిల. పిల్ల గుంతల దిగి ఏరుకుంట వెక్కి వెక్కి ఏడ్చింది. నాకు తెల్సి అది అట్ల ఏడ్చుడు చిన్నప్పుడు గూడ లేదు. ఒక్కొక్క అట్ట దులిపి, కాయితంల చూసి, ఇది ఎన్నోది, దీని ఎనక ఏది అని పేర్చుకుంట పోయింది, చీకటి పడ్డంక దీపం దగ్గర పెట్టుకొని పేర్చింది. ఆయన మగ్గం ఆపి, గుంత ఒడ్డున కూసోని, చూసుకుంటనే ఉన్నడు. ఆయనకు ఆ బాధ తెలుసు. జకార్డు అట్ట ఒక్కటి తారుమారైతె నెమలి మెడ ఇరుగుతది, పువ్వుకు తొడిమె పైకి పోతది. అందుకే అట్టలను ఇడిగ ఉంచరు, అంచులకు చిల్లులు పెట్టి దారంతోని ఒకదానికొకటి కుడ్తరు, దండ అయినంక ఎన్నిసార్లు కింద పడ్డా, ఎవరు తొక్కినా, వరస చెడది. కాశిబుగ్గల ఏ పిల్లగాన్నడిగినా చెప్తడు.

తెల్లారి పిల్ల ఆ డబ్బా ఇంట్లనే ఇడిసి క్లాసుకు పోయింది. ఆయన చేతులు కడుక్కున్నడు. అది నాకు బాగ యాదికున్నది, సబ్బు పెట్టి మోచేతుల దాకా కడుక్కొని, ఉతికిన తువాలతోని తుడుసుకొని, అప్పుడు డబ్బా తీసిండు. వరస చెడగొట్టకుంట ఒక్కొక్క అట్ట తీసి, అటు చివర ఇటు చివర చిల్లులు కొట్టి, నూలు దారానికి మైనం రుద్ది కుట్టిండు. అన్నం తినుమంటె ఆగు అన్నడు. దగ్గు వస్తె మొఖం పక్కకు తిప్పుకొని దగ్గిండు, అట్టల మీద తుంపర పడొద్దని. సాయంత్రానికి దండ అయింది. మడతలు మడతలుగ పేర్చి డబ్బాల పెడితె ఎంత ముద్దుగున్నదో, నేను గూడ చూసి మురిసిన. పిల్ల వచ్చేదాక దర్వాజ దిక్కే చూసుకుంట కూసున్నడు, పండుగకు కొత్త బట్టలు కుట్టిచ్చి దాసిపెట్టినట్టు.

"బాపూ, ఇదేంది?" అన్నది అనసూయ.

"ఇగ కింద పడ్డా కలవయి బిడ్డా."

"ఎవరు ముట్టుమన్నరు నిన్ను? ఇవి నీ మగ్గం అట్టలా? ఒక్కొక్కటి ఇడిగ జారి మిషన్ల పోవాలె, దండ పోతదా? సారు నన్ను నమ్మి మందివి తెప్పిచ్చిండు బాపూ!"

"దారం కోస్తె పాయె గద బిడ్డా" అన్నడు.

"చిల్లులు పూడుస్తవా? నువ్వు పెట్టిన చిల్లులు పూడుస్తవా?"

మిషన్‌కు చిల్లే అక్షరమట. బాపు పెట్టిన చిల్లు గూడ ఏదో చెప్తాందనుకొని అది తప్పు చదువుతదట. ఆయన పూడుస్తవా అన్న మాటకు తల వంచుకొని నిజంగనే ఆలోచన చేసిండు, జిగురు పెట్టి పూడ్వొచ్చేమో అని. ఆయన పెదిమెలు కదులుడు నేను చూసిన. అది చూడలే, డబ్బా రొమ్ముకు పట్టుకొని బయటికి పోయింది. నీ మగ్గం తెలివి మగ్గం కాడ్నే పెట్టుకో అని పోయేటప్పుడు అన్నది. ఆ సాయంత్రం ఆయన మగ్గంల దిగలే. చిల్లులు కొట్టే పనిముట్టును గుడ్డల చుట్టి అటక మీద పెట్టిండు, దాంతోని ఇగ పనేం లేనట్టు.

అప్పటి నుంచి అది కోడి కూయకముందే లేచి వచ్చుడు, ఈ పాషా పానం తీసుడు, ఆ చెడిన అట్టల మీది రాత చదువుకుంట ప్రతి అట్టను మల్ల కొత్తగ కొట్టుకునుడు. ఒక చుక్క తప్పినా మొత్తం పోతది అమ్మా అన్నది నాతోని. నాతోనే అన్నది, ఆయనతోని మాట లేదు. ఒక ఇంట్ల, ఒక దీపం కింద, బాపూ అన్న పిలుపు లేదు. ఆయన దగ్గు ఎక్కువైంది. అది ఎప్పటి దగ్గే, దూది పీల్చిన రొమ్ము, ఏటా వానకాలం లేస్తది, పిల్ల తిట్టుడు వల్ల కాదు, ఎవరన్న అట్లంటె నేను ఊకోను. దవాఖానల చేర్పిచ్చినంక అది ఒక సాయంత్రం వచ్చి మంచం కాళ్ళ దిక్కు నిలబడ్డది. ఆయన కండ్లు మూసుకొని ఉన్నడు. దుప్పటి సర్ది పోయింది. అది పోయినంక కండ్లు తెరిచి అడిగిండు, పిల్ల వచ్చిందా అని. నువ్వు పడుకున్నవని లేపలే అన్న. "దాని అట్టలు మంచిగైనయా?" అన్నడు. అయినయి అన్న. ఏం తెల్వకనే అయినయి అన్న. "అయితె మంచిదే" అని అటు తిరిగి పడుకున్నడు.

గోడ అవతల గుయ్యిమనే చప్పుడు మారింది. టకటకటక, కొయ్య మీద ఎవరో గోళ్ళతోని కొట్టినట్టు, అంతట్లనే ఆగింది. పాషా చెవి పెట్టి ఇన్నడు. "కాయితం కొట్టే చప్పుడమ్మా అది. ఎడతెగకుంట కొడితె లెక్క వచ్చినట్టు, పిల్లలు ఎగురుకుంట బయటికొస్తరు. జరంత కొట్టి ఆపిందంటె ఏదో తప్పు పట్టింది" అన్నడు. తప్పు పట్టింది. పిల్ల ఇప్పుడు ఏ అట్ట తప్పో వెతుకుతాంటది, చేతులు చల్లగై ఉంటయి, గంట అయిపోతాంటది. లేచి తలుపు కొట్టాల్నా? కొడితె దాని వంతు పోతది. కొట్టకపోతె, మిషన్ మల్ల తోసేస్తె, అది ఏడ్చుకుంట బయటికొచ్చి ముందుగాల ఏమంటది? బాపునే అంటది. అంతా బాపు వల్లనే అంటది, నా బతుకు చెడగొట్టిండు అంటది. వయసు పిల్ల, కోపం పిల్ల, నోటికెంత వస్తె అంత అంటది. అన్నంక నేను చెప్పాలె, మీ బాపు పొద్దుగాలనే పోయిండని. ఆ మాటను అది ఎట్ల ఎనకకు తీసుకుంటది? పిల్లలను కన్నంక, ముసల్దయినంక, ఒక్కతి కూసున్నప్పుడల్లా చెవులల్ల ఇనబడ్తది. ఆయనకు ఏం కాదు, ఆయన ఇనడు. అదే ఇంటది, బతికినన్ని రోజులు.

అందుకని భయపడుడు మొదలువెట్టిన. పొద్దుగాల ఇడిసిపెట్టిన పనిని ఇప్పుడు పట్టుకొని చేసిన, ఒక్క సందు ఇడువకుంట చేసిన. తలుపు తెరుచుడు చూసిన. పిల్ల మొఖం ఉబ్బి ఉండుడు చూసిన. నోరు తెరుచుడు, బాపు అనుడు, నేను ఉరికి దాని నోరు చేతితోని మూసుడు. గట్టిగ మూస్త, కొరికినా తియ్య, ఏమనకు బిడ్డా, ఒక్క మాట అనకు, ముందుగాల నేను చెప్త, ఇను. అట్ల చెప్తె తిట్టు దాని కడుపుల ఉండిపోతది, బయట పడది. అది కింద పడిపోతె పాషా ఉన్నడు, పట్టుకుంటడు. మొఖం మీద చల్లేటందుకు నీళ్ళున్నయి. ఏడాది పోతె పోనియ్యి, చదువు పోతె పోనియ్యి, కండెలు చుట్టైనా బతుకుతం, ఆ ఒక్క మాట మాత్రం దాని నోట రావద్దు. ఇంక అటు గూడ చూసిన, అది కోపంల నన్ను తోసేసి పోవుడు, బస్సు కింద పడుడు, రైలు పట్టాలు, రిబ్బను. అన్నీ చూసిన. ఏది మిగలలే అనుకున్న.

మల్ల టకటక. ఇంతకు ముందటి కంటె గూడ తక్కువ, నాలుగు కొట్టి ఆగినట్టు. పాషా స్టూలు మీద నుంచి లేచిండు, నా దిక్కు చూడలే. "అయ్యో," అన్నడు మెల్లగ, "మల్ల పట్టినట్టున్నది. ఫికర్ చెయ్యకమ్మా, ఒక్కొక్కసారి సారు ఇంకో వంతు ఇప్పిస్తడు." గొళ్ళెం చప్పుడైంది. నేను లేచి తలుపుకు అడ్డం నిలబడ్డ, కుడిచెయ్యి లేపి సిద్ధంగ పెట్టుకున్న.

అనసూయ నవ్వుకుంట వచ్చింది.

చల్లటి గాలి దాంతోనే బయటికి వచ్చింది. చెంపలు మెరుస్తానయి, చేతిల పొడుగు కాయితం, దాని అంచులు నేల మీద ఈడుస్తానయి. "వచ్చింది పాషా భాయ్, వచ్చింది!" అని, నన్ను చూసి, "అమ్మా! నువ్వెప్పుడొచ్చినవ్? ఆగు, చెప్పకు. బాపును ఇయ్యాల పంపిస్తమన్నరు గద, పంపిచ్చిండ్రా? ఇంటికి తోల్కపోయిండ్రా?" మీ చిన్నాయన తోల్కపోయిండు అన్న. లేపిన చెయ్యి ఎటు పెట్టాల్నో తెల్వక దాని తల మీద పెట్టిన. పాషా చప్పట్లు కొడ్తాండు, "మరి గంత జరనే కొట్టింది గద బిడ్డా, నేను తప్పనుకున్న" అంటాండు. "జవాబే గంత పాషా భాయ్, రెండు వరసలు, మిగిలిందంత ఉత్త కాయితమే. మొదలు ఒక అట్టల కామా ఇడిసిన, అది మల్ల కొట్టిన, అంతే, పోయింది! హైదరాబాదు కట్టను పేరు పిలవంగనే పట్టుకున్నది" అని కాయితం మడుచుకుంట నా చెయ్యి పట్టి గుంజుకపోవట్టె. "పద అమ్మా, జల్ది పద."

అన్నిటికి ముందుగాలనే భయపడి పెట్టుకున్న నేను, దీనికి భయపడలే. అది నవ్వుకుంట వస్తదని ఒక్క గడియ గూడ తలుచుకోలే. దాని కోపాన్ని ఆపేటందుకు చెయ్యి లేపి పెట్టుకున్న, నవ్వును ఏం పెట్టి ఆపాలె? చెట్ల కింది తొవ్వ పొంటి అది ముందర, నేను ఎనక. అది ఆగకుంట మాట్లాడుతాంది. "బాపును ఎంతెంత మాటలన్ననో అమ్మా. ఆ అట్టలన్ని మల్ల కొట్టినంక చేతులు గుంజుతాంటె ఒకనాడు ఆ దండను చూసుకుంట కూసున్న. ఒక్క అట్ట వంకర లేదు. ఒక్క ముడి లావు లేదు. నన్ను చూసి దాసుకునేటోడు గద దగ్గు, గా దగ్గుతోని కుట్టిండు గద అనిపిచ్చింది. పోయి చెప్పుదామంటె సిగ్గైంది. లెక్క వచ్చినంక చెప్త, అప్పుడైతె ఒట్టి చేతులతోని పోను అనుకున్న." చెప్పు బిడ్డా అన్న. "సారు ఏమన్నడో తెల్సా? కొత్త కట్ట హైదరాబాదుకు పంపుదాం, ఆ పాతది నువ్వే ఉంచుకో అన్నడు. అది బాపుకే ఇస్త. మగ్గం మీద ఏలాడగట్టుకుంటడు, వచ్చినోళ్ళకందరికి చూపిస్తడు చూడు, నా బిడ్డ లెక్కల దండ అని. ఇంటికి పోంగనే కాళ్ళు పట్టుకుంట. తిట్టనియ్యి, ఏమన్న అననియ్యి. అంటడా? ఏమనడు, నాకు తెల్సు. తిన్నవా బిడ్డా అంటడు." చెప్పు బిడ్డా, ఇంక చెప్పు అన్న. అది ఎంత చెప్తె అంత మంచిది, ఈ మాటలన్ని ముందుగాల బయట పడనియ్యి, తొవ్వ ఎంత దూరం ఉన్నదో అంత దూరం చెప్పనియ్యి అనుకున్న. గేటు కనబడ్తాంది. గేటు దాక చెప్పనిస్త. బస్సు ఎక్కినంక చెప్త. కాదు, బస్సుల మందిల ఎట్ల, ఎక్కకముందే చెప్త.

గేటు కాడ డాంబరు రోడ్డు మొదలైతది. అక్కడ అది ఎనకకు తిరిగి, ఏదో అనబోయి, కిందికి చూసింది. "అమ్మా, చెప్పులేవి నీయి?"

నేను గూడ చూసిన. నా కాళ్ళు ఉత్తగ ఉన్నయి, దుమ్ము పట్టి, మడిమె కాడ నెత్తురు ఎండి ఉన్నది. ఏడ ఇడిసిన్నో యాదికి రాలే. దవాఖాన నుంచి ఇక్కడి దాక ఉత్త కాళ్ళతోనే వచ్చిన్ననుకుంట, నాకు తెల్వనే తెల్వది.

"ఈ ఎండల గిట్ల నడిచొచ్చినవా? పిచ్చిదానివా అమ్మా? బాపు చూస్తె నన్ను తిడ్తడు" అనుకుంట అది కాయితాన్ని చంకల పెట్టుకొని, గబగబ తన చెప్పులు ఇడిసి, రోడ్డు మీదనే గొంతుక్కూసున్నది. నా కుడికాలు రెండు చేతులతోని లేపి చెప్పుల పెట్టింది. ఎడమకాలు లేపింది. ఇడువకుంట పట్టుకున్నది. నవ్వు ఇంక దాని మొఖం మీదనే ఉన్నది, అట్లనే తలెత్తి పైకి నన్ను చూసింది.

అప్పుడు చెప్పిన.